ఇరుకు సందులో ఆరిపోయే మంట, ఇరుకు గనిలో పేలిపోయే మంట



మన గ్రూపులో పోడు పట్టాల మీద, భూమి చట్టాల మీద, పోరాటాల మీద మంచి మంచి పోస్టులు వస్తున్నాయి. ఈసారి నేను సైన్స్ చరిత్ర ఒకటి రాస్తున్నా. ఇది మనకెందుకు అనుకోకండి. ఇల్లెందు, కొత్తగూడెం వైపు మన వాళ్ళ ఊళ్ళ కింద బొగ్గు ఉంది. ఆ బాయిల్లో దిగిన మనుషులు మన చుట్టుపక్కలే ఉన్నారు. భూమి లోపల మనిషి దీపం పట్టుకుని బతికి బయటికి రావడం ఎట్లా సాధ్యమైందో, దాని కోసం ఎవరు చనిపోయారో, పేరు ఎవరికి వచ్చిందో చదివితే మనకు సంబంధం లేని కథలాగా అనిపించదు.

విషయం ఒక్క మాటలో ఇది. గ్యాసూ గాలీ ముందే కలిసి ఉన్న చోట పుట్టే మంటకు ఇరుకు అంటే రెండు రకాలు. మరీ సన్నటి సందు అయితే ఆ మంట లోపలికి పోలేక ఆరిపోతుంది. అదే మనిషి నడిచేంత సొరంగం అయితే, చుట్టూ గోడలు ఉండడం వల్లనే ఆ మంట ఫిరంగి గుండు లాగా తయారవుతుంది. మొదటి సంగతి మనుషుల్ని కాపాడే దీపం అయింది. రెండో సంగతి అర్థం కావడానికి ఇంకా చాలా ప్రాణాలు పోయాయి.

ముందు మంట సంగతి

పొయ్యిలో కట్టె మంట, కిరసనాయిలు దీపం మంట ఒక రకం. అక్కడ కాలే పదార్థం ఒక దగ్గర, గాలి ఇంకో దగ్గర ఉంటాయి. రెండూ కలిసే అంచులోనే మంట ఉంటుంది. దీపం వత్తి దగ్గరే మంట నిలబడుతుంది, గదంతా పరిగెత్తదు.

ఇంకో రకం, గ్యాసు గాలిలో ముందే కలిసిపోయి ఉండడం. దీన్ని ప్రీమిక్స్‌డ్ ఫ్లేమ్ అంటారు. మన హాస్టల్ వంటగదిలో గ్యాస్ స్టవ్ నీలం మంట చాలా వరకు ఇదే. ఇక్కడ గ్యాసు ఉన్న ప్రతి చోటా గాలి కూడా సిద్ధంగా ఉంది. ఒక్క నిప్పు తగిలితే చాలు, మంట ఒక పొర నుంచి పక్క పొరకు తనంతట తాను నడుచుకుంటూ పోతుంది.

ఎట్లా నడుస్తుంది? ఎండిన ఆకు మీద నిప్పు పాకడం మనందరం చూసిందే. కాలే ఆకు పక్క ఆకును వేడి చేస్తుంది, అది అంటుకుని దాని పక్కదాన్ని వేడి చేస్తుంది. అందుకే నిప్పు అడవిలోకి పాకకుండా మధ్యలో ఆకు ఊడ్చి దారి తీస్తారు. గ్యాసు మంట కూడా అంతే. కాలుతున్న పొర ముందున్న చల్లటి పొరను వేడి చేస్తేనే ముందుకు పోతుంది. ఆ వేడిని మధ్యలో ఎవరైనా లాగేసుకుంటే మంట ఆగిపోతుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

బొగ్గు గనిలో వచ్చే గ్యాసు మీథేన్. చెరువు బురదలోంచి బుడగలుగా వచ్చేది, గోబర్ గ్యాసులో ఎక్కువగా ఉండేది కూడా ఇదే. ఇంగ్లండ్ గని కార్మికులు దాన్ని ఫైర్‌డ్యాంప్ అనేవాళ్ళు. రంగు లేదు, వాసన లేదు. గాలి కంటే తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. గాలిలో సుమారు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. అంతకంటే తక్కువ అయితే కాలడానికి గ్యాసు చాలదు, ఎక్కువ అయితే గాలి చాలదు.

ఫెల్లింగ్, 1812

ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాసిల్ పట్టణం దగ్గర ఫెల్లింగ్ అనే బొగ్గు గని ఉండేది. 1812 మే 25న అందులో గ్యాసు పేలింది. 92 మంది చనిపోయారు. వాళ్ళలో పదేళ్ళ లోపు పిల్లలు కూడా ఉన్నారు. అప్పట్లో గాలి దారి మళ్ళించే తలుపుల దగ్గర చిన్న పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్ళు. బొగ్గు బండి వచ్చినప్పుడు తలుపు తీయాలి, పోగానే వేయాలి. మిగతా సమయమంతా చీకట్లో ఒంటరిగా కూర్చోవాలి. అదే ఆ పిల్లల ఉద్యోగం.

లోపల నిప్పు ఆగక గని నోరు మూసేశారు. జులైలో తెరిచి శవాలు తీయడం మొదలుపెట్టారు. ఆ ఊరి చర్చి పాదిరి జాన్ హాడ్జ్‌సన్ ఊరుకోలేదు. ప్రమాదం ఎట్లా జరిగిందో, గని లోపలి దారులు ఎట్లా ఉన్నాయో, చనిపోయిన వాళ్ళ పేర్లు ఏంటో అన్నీ రాసి అచ్చు వేయించాడు. కూలివాళ్ళ చావులు లెక్కలో అంకెగా మిగిలే రోజుల్లో ఒక్కొక్కరి పేరు కాగితం మీదికి ఎక్కించడం చిన్న పని కాదు. ఆ రాత వల్ల కదలిక వచ్చింది. 1813లో సండర్‌ల్యాండ్‌లో గని ప్రమాదాల నివారణకు ఒక సంఘం పెట్టారు. ఆ ఏడాది చివర్లోనే ఫెల్లింగ్ గని మళ్ళీ పేలి ఇంకో 20 మందికి పైగా పోయారు.

సమస్య ఏంటంటే, గనిలో వెలుతురు లేకుండా పని జరగదు, వెలుతురు అంటే ఆ రోజుల్లో నిప్పే. కొవ్వొత్తి పట్టుకుని పోతే అది గ్యాసును అంటిస్తుంది. చెకుముకి రాయి మీద ఉక్కు చక్రం తిప్పి ఆ నిప్పురవ్వల వెలుతురులో పని చేసి చూశారు. అది కూడా పూర్తి భద్రం కాదని తేలింది. కుళ్ళిన చేపల తోలు నుంచి వచ్చే మసక వెలుతురు కూడా వాడి చూశారు. కొన్ని గనుల్లో అయితే ఒక మనిషి తడి బట్టలు కప్పుకుని, నేల మీద పాకుతూ పోయి, పొడుగు కర్ర చివర నిప్పుతో గ్యాసును ముందే కావాలని కాల్చేవాడు. మిగతా వాళ్ళు ఆ తర్వాత దిగేవాళ్ళు.

ముగ్గురు మనుషులు, మూడు దీపాలు

మొదటి మనిషి విలియం క్లానీ, సండర్‌ల్యాండ్ డాక్టర్. 1813లోనే ఒక దీపం గురించి చెప్పాడు. దీపానికి గాలి నీళ్ళ గుండా పోవాలి, నీళ్ళ గుండానే బయటికి రావాలి. లోపల గ్యాసు పేలినా నీళ్ళు దాటి మంట బయటికి రాదు. ఆలోచన మంచిదే. కానీ దీపం బరువు, పైగా ఒక మనిషి తిత్తి ఊదుతూ కూర్చోవాలి. బొగ్గు కొట్టేవాడికి అది పనికి రాలేదు.

రెండో మనిషి జార్జ్ స్టీఫెన్‌సన్. తర్వాత రైలు ఇంజన్లతో ప్రపంచమంతా పేరు వచ్చింది ఈయనకే. 1781లో పుట్టాడు. తండ్రి గనిలో నీళ్ళు తోడే ఇంజన్ దగ్గర నిప్పు వేసే పని చేసేవాడు. స్టీఫెన్‌సన్‌కి 18 ఏళ్ళ వరకు చదవడం, రాయడం రాదు. రాత్రి బడికి కూలి డబ్బులతో పోయి నేర్చుకున్నాడు. 1815 నాటికి కిల్లింగ్‌వర్త్ గనిలో ఇంజన్ల మేస్త్రీ. ల్యాబ్ లేదు, పుస్తకాలు లేవు. గనిలో పగులులోంచి గ్యాసు బుస్సుమని వచ్చే చోటే ఆయన ప్రయోగశాల. 1815 అక్టోబర్ 21న తన మొదటి దీపం పట్టుకుని అలాంటి చోటికే పోయి పరీక్షించాడు. దీపం తప్పయితే ప్రాణం పోతుంది, అది తెలిసే పోయాడు. తర్వాతి దీపాల్లో గాలి లోపలికి పోయే దారిని సన్నటి గొట్టాలుగా, ఆ తర్వాత చిన్న చిన్న రంధ్రాల రేకుగా మార్చాడు.

మూడో మనిషి హంఫ్రీ డేవీ. పెన్‌జాన్స్ అనే చిన్న ఊళ్ళో చెక్క మీద బొమ్మలు చెక్కే ఆయన కొడుకు. మందులు తయారు చేసే ఆయన దగ్గర పనికి కుదిరి కెమిస్ట్రీ నేర్చుకున్నాడు. సోడియం, పొటాషియం లోహాలను మొదట విడగొట్టింది ఈయనే, ఇంటర్ కెమిస్ట్రీ చదివిన వాళ్ళకు తెలిసే ఉంటుంది. 1815 నాటికి చాలా పెద్ద పేరు. సండర్‌ల్యాండ్ సంఘం వాళ్ళు అడిగితే ఆ ఆగస్టులో న్యూకాసిల్ వైపు వచ్చి గనుల వాళ్ళతో మాట్లాడాడు. గని గ్యాసు నింపిన సీసాలు లండన్ తెప్పించుకుని ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయనకు సాయం చేసిన కుర్రాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని చేసి వచ్చినవాడు.

సన్నటి సందు మంటను ఎట్లా చంపుతుంది

డేవీ చూసింది ఇది. గ్యాసూ గాలీ కలిసిన గొట్టంలో ఒక చివర నిప్పు పెడితే మంట రెండో చివరకు పోతుంది. గొట్టం సన్నం చేసుకుంటూ పోతే మంట కష్టపడుతుంది. వ్యాసం అంగుళంలో ఏడో వంతుకు, అంటే మూడున్నర మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఇక పోలేకపోయింది. గాజు గొట్టం కంటే లోహం గొట్టం ఇంకా బాగా ఆపింది, ఎందుకంటే లోహం వేడిని త్వరగా లాగుతుంది. 1815 నవంబర్ 9న ఈ ఫలితాలు రాయల్ సొసైటీలో చదివాడు.

ఇప్పుడు ఆకు మీద పాకే నిప్పు గుర్తు చేసుకోండి. గొట్టం వెడల్పుగా ఉంటే మంట మధ్య భాగం గోడకు దూరం. అక్కడ పుట్టిన వేడి ముందున్న గ్యాసుకే పోతుంది. గొట్టం సన్నం అయ్యే కొద్దీ లోపలి గ్యాసు తగ్గుతుంది, దాన్ని ముట్టుకునే గోడ మాత్రం అంతగా తగ్గదు. ఒక హద్దు దాటాక మంట పుట్టించే వేడి కంటే గోడ తాగే వేడి ఎక్కువ అవుతుంది. అప్పుడు మంట ఆరిపోతుంది. ఆ హద్దుకు క్వెంచింగ్ దూరం అని పేరు. మీథేన్ గాలి మిశ్రమానికి రెండు పలకల మధ్య సందు అయితే సుమారు 2 మిల్లీమీటర్లు. వేడి ఒక్కటే కాదు, మంట నడవడానికి కావలసిన చురుకైన అణువుల ముక్కలు కూడా గోడకు తగిలి చచ్చిపోతాయని తర్వాత కాలంలో తేలింది. వేడి నష్టం వల్ల మంట ఎక్కడ ఆగుతుందో లెక్కగా చెప్పే సిద్ధాంతాన్ని 1940లలో రష్యా శాస్త్రవేత్త జెల్డోవిచ్ ఇచ్చాడు. డేవీ కాలంలో ఈ లెక్కలేవీ లేవు, చూపూ చేయీ ఉన్నాయి అంతే.

డేవీ అక్కడ ఆగలేదు. పొడుగు గొట్టం ఎందుకు, సన్నటి రంధ్రాలు పక్కపక్కనే చాలా ఉంటే సరిపోదా అనుకున్నాడు. అట్లా ఇనుప తీగ జల్లెడ దగ్గరికి వచ్చాడు. అంగుళానికి 28 తీగలు నిలువు, 28 అడ్డం, అంటే చదరపు అంగుళంలో 784 కన్నాలు. నూనె దీపం చుట్టూ ఆ జల్లెడ గొట్టం లాగా కప్పాడు. గాలి పోతుంది, వెలుతురు వస్తుంది, గ్యాసు కూడా లోపలికి వస్తుంది. లోపల అంటుకుంటుంది కూడా. కానీ ఆ మంట కన్నం దాటి బయటికి రాలేదు. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో ఆ దీపాన్ని పరీక్షించారు, పని చేసింది.

ఇంకో లాభం కూడా దొరికింది. గ్యాసు ఉన్న చోట దీపం మంట మీద లేత నీలం టోపీ లాంటిది కనపడుతుంది. గ్యాసు పెరిగే కొద్దీ టోపీ పొడుగు అవుతుంది. అంటే దీపం వెలుతురు ఇవ్వడమే కాదు, ప్రమాదం వస్తోందని ముందే చెబుతుంది కూడా.

పేరు ఎవరికి

డేవీ తన దీపానికి పేటెంట్ తీసుకోలేదు. ఇది ఆయన గొప్పతనం, ఒప్పుకోవాలి. గని యజమానులు 1817లో ఆయనకు రెండు వేల పౌండ్ల పైగా విలువైన బహుమతి ఇచ్చారు. స్టీఫెన్‌సన్‌కి వంద గినియాలు ఇచ్చారు. గినియా అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ, కాబట్టి మొత్తం 105 పౌండ్లు.

న్యూకాసిల్ వైపు జనం ఒప్పుకోలేదు. మా వాడు ముందే చేశాడు కదా అన్నారు. డేవీ వైపు వాళ్ళు మాత్రం, సరిగ్గా చదువు లేని ఇంజన్ మనిషి ఇంత పని సొంతంగా ఎట్లా చేస్తాడు, ఎక్కడో విని కాపీ కొట్టి ఉంటాడు అన్నారు. ఈ మాట మనం ఎక్కడ విన్నామో చెప్పక్కర్లేదు కదా. స్థానికులు విచారణ చేసి, సాక్ష్యాలు తీసి, స్టీఫెన్‌సన్ సొంతంగానే చేశాడని తేల్చారు. చందాలు వేసి వెయ్యి పౌండ్లు ఆయన చేతిలో పెట్టారు.

న్యాయంగా చెప్పాలంటే ఇద్దరి పనీ వేరు. మంట ఎందుకు ఆగుతోంది అన్నదానికి స్టీఫెన్‌సన్ చెప్పుకున్న కారణం సరైంది కాదు. కాలిపోయిన గాలి మంటను ఆపుతోంది అనుకున్నాడు. గోడ వేడిని లాగుతోందని డేవీ చూపించాడు. కానీ పని చేసే దీపం ఇద్దరి చేతిలోనూ కొన్ని వారాల తేడాతో తయారైంది. సరైన కారణం చెప్పగలగడానికి గ్యాసు సీసాలు, ల్యాబ్, సాయానికి మనిషి, వినడానికి రాయల్ సొసైటీ కావాలి. అవి ఒకరికి ఉన్నాయి, ఇంకొకరికి లేవు. తెలివి తేడా అని చరిత్రలో రాసే చాలా చోట్ల అసలు ఉన్న తేడా ఇదే.

దీపం వచ్చాక చావులు తగ్గాయా?

తగ్గాలి కదా. 1835లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ లెక్క తీసింది. డర్హం, నార్తంబర్‌ల్యాండ్ జిల్లాల్లో దీపం రాకముందు 18 ఏళ్ళలో 447 మంది చనిపోతే, దీపం వచ్చాక 18 ఏళ్ళలో 538 మంది చనిపోయారు. అదే ఏడాది వాల్స్‌ఎండ్ గనిలో ఒక్క పేలుడులో వంద మందికి పైగా పోయారు.

కారణాలు రెండు. ఒకటి మనిషిది. గ్యాసు ఎక్కువ అని అంతకుముందు వదిలేసిన చోట్లకు, ఇప్పుడు దీపం ఉంది కదా అని మనుషుల్ని దింపారు. గాలి బాగా ఆడేలా చేయడానికి ఖర్చు అవుతుంది, దీపం చవక. ప్రాణం కోసం చేసిన వస్తువు ఎక్కువ బొగ్గు కోసం వాడుక అయింది. ఆ దీపం వెలుతురు కూడా తక్కువ. చీకట్లో పని సాగక కార్మికుడే జల్లెడ తీసి పని చేసిన సందర్భాలు ఉన్నాయి. తీసిన వాడి మీద తప్పు వేయడం తేలిక. ఎంత బొగ్గు తీస్తే అంత కూలి అనే పద్ధతి మీద తప్పు వేయడం కష్టం.

రెండో కారణం మంటది. సన్నటి కన్నం మంటను ఆపేది గ్యాసు మెల్లగా కదిలినప్పుడే. గాలి వేగంగా వీస్తే మంట కన్నంలో ఉండే సమయం తగ్గిపోతుంది, గోడ వేడి లాగే లోపలే అవతలికి నెట్టుకుపోతుంది. లోపల గ్యాసు చాలాసేపు కాలితే జల్లెడ ఎర్రగా కాలుతుంది. ఎర్రగా కాలిన తీగ ఇక వేడిని లాగదు. ఒక్క తీగ తెగినా కన్నం పెద్దదై దారి ఇస్తుంది. తర్వాత గనుల్లో గాలి వేగం పెంచిన కొద్దీ పాత డేవీ దీపం ప్రమాదకరం అయింది. అందుకే బెల్జియంలో మ్యూసెలర్, ఫ్రాన్స్‌లో మార్సో లాంటి వాళ్ళు గాజు, రెండు జల్లెడలు, బయట రేకు కవచం పెట్టి దీపాన్ని మార్చారు.

అదే ఇరుకు, తిరగబడితే

ఇప్పటిదాకా మిల్లీమీటర్ల ఇరుకు చూశాం. ఇక గని సొరంగం సంగతి.

మీథేన్ కలిసిన గాలి కదలకుండా ఉంటే అందులో మంట నడిచే వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. చిన్న పిల్లవాడి నడక కంటే తక్కువ. మరి అంత మెల్లని మంట మనుషుల్ని ఎగరేసి, పట్టాలు వంచి, గని నోట్లోంచి ఎట్లా తన్నుకొస్తుంది?

ఫ్రాన్స్ ప్రభుత్వం గని గ్యాసు మీద వేసిన కమిషన్ కోసం 1880ల మొదట్లో ఇద్దరు దీన్ని పరీక్షించారు. ఎర్నెస్ట్ మల్లార్డ్, హెన్రీ లె షాటెలియర్. లె షాటెలియర్ అంటే మన ఇంటర్ పుస్తకంలో సమతాస్థితి పాఠంలో ఉన్న ఆయనే. మనం ఆయన నియమం బట్టీ పడతాం కానీ ఆయన గనుల ఇంజనీర్ అని, పేలుళ్ళ మీద పని చేశాడని పాఠం చెప్పదు.

పొడుగు గొట్టంలో తెరిచి ఉన్న చివర నిప్పు పెడితే మంట మొదట నిదానంగా, స్థిరంగా నడుస్తుంది. కొంత దూరం పోయాక ముందుకూ వెనక్కూ ఊగడం మొదలవుతుంది. గొట్టంలో గాలి పిల్లనగ్రోవిలో లాగా మోగుతుంది, ఆ మోత మంటను ఊపుతుంది, ఊగిన మంట మోతను పెంచుతుంది. కొన్నిసార్లు ఆ ఊపుకు మంట ఆరిపోతుంది, కొన్నిసార్లు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మూసి ఉన్న చివర నిప్పు పెడితే ఇంకా ఘోరం. గ్యాసు కాలి వేడెక్కి ఏడు రెట్లకు పైగా ఉబ్బుతుంది. బయలులో అయితే అన్ని వైపులకూ పోతుంది. గొట్టంలో వెనక గోడ, పక్కన గోడలు, పోవడానికి ఒక్కటే దారి. ఉబ్బిన గ్యాసు మంటను ముందుకు తోస్తుంది. తోసిన గాలి గోడలకు, కొయ్య స్తంభాలకు, బండ్లకు తగిలి సుడులు తిరుగుతుంది. సుడిలో మంట ముడతలు పడుతుంది. ముడతలు పడ్డ మంటకు కాలే వైశాల్యం ఎక్కువ, అది ఇంకా వేగంగా కాల్చి ఇంకా ఉబ్బిస్తుంది. ఇట్లా మంట తన వేగాన్ని తానే పెంచుకుంటూ పోతుంది. గాలికి బదులు ఆక్సిజన్ కలిపిన మిశ్రమాల్లో అయితే అది సెకనుకు రెండు కిలోమీటర్లు దాటే విస్ఫోటనం అవుతుందని ఫ్రాన్స్‌లోనే ఆ ఏళ్ళలో కొలిచారు.

1928లో ఇంగ్లండ్‌లో ఎల్లిస్ అనే పరిశోధకుడు మూసిన గొట్టంలో మంట ఫోటోలు తీశాడు. మొదట వేలి కొనలాగా ముందుకు పొడుచుకొచ్చిన మంట, గోడలకు తగిలాక తిరగబడి, మధ్యలో గుంటపడి పువ్వు ఆకారంలోకి మారింది. దాన్ని తర్వాత ట్యులిప్ మంట అన్నారు. ఇరుకులో మంట ఒక్క రూపంలో నిలబడదు, గోడలు దాన్ని మారుస్తూనే ఉంటాయి.

ఈ జ్ఞానం ఎంత అవసరమో 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో తెలిసింది. 1,099 మంది చనిపోయారు. గ్యాసు కంటే పెద్ద దోషి బొగ్గు దుమ్ము. ముందు వచ్చిన గాలి దెబ్బ నేల మీది దుమ్మును లేపుతుంది, లేచిన దుమ్ము గాలిలో కలిసి తానే ఇంధనం అవుతుంది, వెనకే వచ్చే మంట దాన్ని తింటూ కిలోమీటర్ల సొరంగాలు దాటిపోతుంది. అందుకే ఆ తర్వాత గనుల్లో సున్నపురాయి పొడి చల్లడం మొదలైంది. దుమ్ముతో పాటు ఆ రాతి పొడి కూడా లేచి మంట వేడిని తాగేస్తుంది. గమనించండి, డేవీ జల్లెడ చేసిన పనే ఇది. అక్కడ గోడ మంట దగ్గరికి పోయింది, ఇక్కడ గోడను పొడి చేసి గాలిలో లేపారు.

మన వైపు

1871లో జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. పుస్తకాల్లో కింగ్ పేరు ఉంది. ఆ అడవిలో దారి తెలిసిన వాళ్ళు, ఆ నల్ల రాయిని అంతకుముందే చూసిన వాళ్ళు ఎవరై ఉంటారో మనం ఊహించుకోవచ్చు, పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మన దేశంలో కూడా పేలుళ్ళు జరిగాయి. 1958లో బెంగాల్‌లోని చినకూరి గనిలో 170 మందికి పైగా, 1965లో అప్పటి బీహార్‌లోని ధోరి గనిలో 268 మంది పోయారు. ఇప్పుడు మన బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గాలిలో ఈ గ్యాసు 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలి, మనుషుల్ని బయటికి తేవాలి. పేలే హద్దు 5 శాతం అయినా, నాలుగో వంతు దగ్గరే ఆపుతున్నారు. ఆ తేడాలోనే ఫెల్లింగ్ పిల్లలూ ధోరి కూలీలూ ఉన్నారు.

గ్యాసు కొలవడానికి ఇప్పుడు మీథేన్ మీటర్లు వచ్చాయి. అయినా మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్ కావాలనుకునే వాళ్ళు గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి చదివేటప్పుడు సేఫ్టీ ల్యాంపు గురించి, ఆ నీలం టోపీ గురించి వస్తుంది. మైనింగ్ డిప్లొమా చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ పేజీని మార్కుల కోసం మాత్రమే చదవకండి. 1.25 అనే అంకె దగ్గర పని ఆపించే అధికారం మీ చేతిలో ఉంటుంది. ఉత్పత్తి టార్గెట్ ఉంది, ఇంకో గంట కానివ్వండి అని పైనుంచి ఒత్తిడి రావచ్చు. అప్పుడు మంట ఎట్లా నడుస్తుందో తెలిసిన మనిషి మాట్లాడేదానికీ, రూలు బట్టీ పట్టిన మనిషి మాట్లాడేదానికీ చాలా తేడా ఉంటుంది.

ఇంకో పని మనందరం చేయగలం. మీ ఇంట్లో తాతలు, పెదనాన్నలు, మామలు ఎవరైనా బాయిలో పని చేసి ఉంటే కూర్చోబెట్టి అడగండి. లోపల గాలి ఎట్లా ఉండేది, దీపం ఏది ఇచ్చేవాళ్ళు, ప్రమాదం వస్తోందని దేన్ని బట్టి తెలిసేది, పక్కన ఎవరు ఉండేవాళ్ళు, ఎవరు తిరిగి రాలేదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసి, వాళ్ళు సరే అంటే ఈ గ్రూపులో పెట్టండి. హాడ్జ్‌సన్ పేర్లు రాసిపెట్టాడు కాబట్టే ఫెల్లింగ్ వాళ్ళ గురించి ఈ రోజు నేను రాయగలిగాను. మన వాళ్ళ గురించి రాయడానికి బయటి నుంచి ఎవరో రావాలని చూడొద్దు.

మీథేన్ గురించి గానీ, మంట గురించి గానీ అర్థం కానిది ఉంటే కింద అడగండి, కలిసి చదువుకుందాం. బాయిలో పని చేసిన పెద్దలు ఎవరైనా ఈ పోస్టు చదివితే మీ అనుభవం తప్పకుండా రాయండి.

జోహార్.